యోంగ్‌తాన్ జిల్లాలో కాలేయ క్యాన్సర్ తగ్గిన విధానం

మా యోంగ్‌తాన్ జిల్లాలో కాలేయ క్యాన్సర్ మొన్న ఏప్రిల్‌లో సగానికి సగం తగ్గిపోయింది. ఈ శుభవార్తను యావన్మంది ప్రజలకూ తెలియజేసే బాధ్యత జిల్లా ఆసుపత్రి ప్రచార విభాగానిది. ప్రచార విభాగమంటే నేనూ, ఒక పాత కెమెరా. ఏదైనా కొత్త మందు కనిపెట్టారా అని కొందరు అమాయకులు ఫోన్ చేసి అడిగారు. అంత దూరం వెళ్లవలసిన అవసరం రాలేదని వారికి సవినయంగా మనవి చేశాను.

విషయం మొదటినుంచీ చెప్పాలి. మా ఆసుపత్రిని పై శ్రేణికి పెంచాలంటే పరిశోధన కావాలని రాష్ట్రం నుంచి ఉత్తర్వు వచ్చింది. డాక్టర్లకు పదోన్నతి రావాలన్నా పరిశోధనా పత్రమే కావాలి. రోగిని బతికిస్తే వాళ్ల ఇంటివాళ్లు బాతునో, బుట్టెడు గుడ్లో తెచ్చి పెట్టి దండం పెట్టి పోతారు. దానితో పదోన్నతి రాదు. పత్రం అచ్చయితే వస్తుంది. ఈ తేడా అర్థం కాని డాక్టరు మా ఆసుపత్రిలో ఎక్కువ కాలం నిలవడు.

డైరెక్టర్ పాంగ్ చెంగ్‌యె గారు ఒకప్పుడు ఎముకల డాక్టరు. పదవి వచ్చాక రోగిని ముట్టుకోలేదు. చేతుల పరిశుభ్రత విషయంలో ఆయనంత నిష్ఠాపరుడు జిల్లాలో లేడు. ఆయన పై ఊళ్లలో వాకబు చేసి, ఈ కాలంలో బాగా చెలామణిలో ఉన్న పరిశోధన ఏమిటో తెలుసుకొని వచ్చారు. కాలేయ క్యాన్సర్ కణాలలో ఏదో ఒక జన్యువును పనిచేయకుండా ఆపాలి. ఆపాక ట్యూమర్ మార్కర్ ఎంత తగ్గిందో కొలవాలి. మార్కర్ అంటే కాలేయంలో గడ్డ పెరుగుతుంటే రక్తంలోకి చేరి ఆ సంగతి బయటపెట్టే ఒక ప్రొటీన్. జన్యువులు వేలకు వేలు ఉన్నాయి కాబట్టి ఆసుపత్రిలో అందరికీ తలా ఒకటి వస్తుందని డైరెక్టర్ గారు సభలో హామీ ఇచ్చారు.

ఆ సంవత్సరం మా ఆసుపత్రిలో జరిగిన కృషి చరిత్రలో నిలిచిపోతుంది. పళ్ల డాక్టరు ఒక జన్యువును ఆపాడు. చెవి, ముక్కు, గొంతు డాక్టరు రెండింటిని ఆపాడు. కాన్పుల విభాగం అధిపతి సెలవులో ఉండి కూడా ఒకటి ఆపింది. కణాలు పెంచే పెట్టె ఆసుపత్రి మొత్తానికి ఒకటే కావడంతో, ఒకే గిన్నెలోని కణాలకు ఫొటో తీసి ఒకరు నిలువుగా, ఒకరు అడ్డంగా, ఒకరు తలకిందులుగా వాడుకున్నారు. ఆ పొదుపుకు జిల్లా పాలకవర్గం ప్రశంసాపత్రం ఇచ్చింది. ఫొటో తీసింది నేనే కాబట్టి గర్వంగా చెప్పుకుంటున్నాను. కణాలు చాలా అందంగా వచ్చాయి.

ఇంతమంది మధ్య ఒక్కడు మాత్రం ప్రయోగం నిజంగా చేశాడు. కాలేయ విభాగం డాక్టరు మో రుయ్‌హాయ్. అలా చేయాలని అతనికి ఎవరు చెప్పారో తెలియదు. సాయంత్రం వార్డు పని అయ్యాక కణాల దగ్గరికి వెళ్లి, వాటికి దూడ రక్తం నుంచి తీసిన సీరం పోసి, పసిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకునేవాడు. మా క్యాంటీనులో రోగులకు పెట్టే గంజికంటే ఆ కణాల భోజనం మెరుగని వార్డులో చెప్పుకునేవారు. అది నిజమే, కానీ రోగులను పరిశోధనతో పోల్చడం భావ్యం కాదు.

ఒకనాడు మో గ్రాఫు పట్టుకొని డైరెక్టర్ గదికి వచ్చాడు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను, డైరెక్టర్ గారి కొత్త ఫొటో ఏ గోడకు పెట్టాలో చర్చిస్తున్నాం.

“మార్కర్ పడిపోయింది సార్. నాలుగో వంతుకి దిగింది,” అన్నాడు మో.

“శభాష్! అది కదా కావాల్సింది!”

“కాదు సార్, వినండి. మార్కర్ తగ్గింది గానీ క్యాన్సర్ తగ్గలేదు. కణాలు ముందెలా పెరిగేవో అలాగే గిన్నె నిండా పెరుగుతున్నాయి. మనం ఆపింది క్యాన్సర్‌ని పట్టిచ్చేదాన్ని. క్యాన్సర్‌ని కాదు.”

డైరెక్టర్ గారు కాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచించేటప్పుడు కళ్లు మూసుకుంటారు, చూసేవాళ్లకు నిద్రపోయినట్టు ఉంటుంది.

“తనిఖీకి వచ్చేవాళ్లు ఏది కొలుస్తారు మో? మార్కరా, కణాలా?”

“రక్తంలో కొలిచేది మార్కరే సార్.”

“మరింకేం! తగ్గింది కదా. ఆ రెండో ముక్క పత్రంలో రాయకు. చదివేవాళ్ల మనసు పాడవుతుంది.”

ఆ రెండో ముక్క మో రాశాడు. అచ్చయ్యేసరికి అది ఎక్కడో రాలిపోయింది. డైరెక్టర్ గారి పేరు మాత్రం రచయితల వరసలో మొదట చేరింది. ఇలాంటి చిన్న చిన్న సవరణలు లేకుండా విజ్ఞానశాస్త్రం ముందుకు సాగదు.

పత్రం అచ్చయిన వారంలో డైరెక్టర్ గారు ఒక కమిటీ వేశారు. సాధారణంగా రక్తంలో మార్కర్ ఇరవై దాటితే డాక్టర్లు అనుమానించి, స్కానింగుకు పంపి, మళ్లీ మళ్లీ చూస్తారు. మన ఆసుపత్రి కణాలలో మార్కర్ నాలుగో వంతుకు దిగిందని శాస్త్రీయంగా రుజువైంది కాబట్టి, మన జిల్లా ప్రజలను పాత హద్దుతో కొలవడం వారిని అవమానించడమేనని కమిటీ అభిప్రాయపడింది. సదరు హద్దును నాలుగు వందలకు పెంచుతూ ఏకగ్రీవంగా తీర్మానించింది. చేతులెత్తినవాళ్లలో పళ్ల డాక్టరు రెండు చేతులూ ఎత్తాడు. మరునాటి నుంచి నూరు, రెండు వందలు, మూడు వందలు ఉన్నవాళ్లంతా ఆరోగ్యవంతులయ్యారు. జిల్లాలో కాలేయ క్యాన్సర్ అనుమానితుల సంఖ్య సగానికి పడిపోయింది. నేను ఆ వార్త రాశాను. ఆసుపత్రి గుమ్మానికి ఎర్ర గుడ్డ మీద తెల్ల అక్షరాలతో అభినందన కట్టాం.

లిచీ తోటల నుంచి ఒక రైతు వచ్చి, నూట యాభై ఉన్నా ఏం పరవాలేదన్నారని సంతోషపడి డైరెక్టర్ గారికి రెండు బాతులు ఇచ్చి వెళ్లాడు. శరదృతువులో ఆ రైతు కొడుకు తండ్రిని బండి మీద పడుకోబెట్టి తెచ్చాడు. అప్పటికి చేయగలిగింది ఏమీ లేదు. ఆ రైతు పేరు లూ జిన్‌బావ్. నా వార్తల్లో ఎక్కడా ఆ పేరు రాలేదు, కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఇక విందుల సంగతి. పై నుంచి ఎవరు తనిఖీకి వచ్చినా అతిథి గృహంలో విందు తప్పదు. నిమ్మకాయ పచ్చడి వేసి వండిన బాతు, వెదురు మొలకల పులుసు, ఆవిరి మీద ఉడికించిన చేప ఉంటాయి. కానీ విందంటే తిండి కాదు, సారా. ఎవరైనా గిన్నె ఎత్తి “గాన్‌బెయ్!” అంటే ఎదుటివాడు అడుగంటా తాగి, గిన్నె బోర్లించి చూపించాలి. గిన్నెలు తాకించేటప్పుడు మన గిన్నె అంచు పెద్దవాళ్ల గిన్నె అంచుకంటే కిందికి ఉండాలి, అదే మర్యాద. కిందటేడు చర్మవ్యాధుల అధిపతి, ఎముకల అధిపతి ఒకరికంటే ఒకరు ఎక్కువ మర్యాదస్థులు కావడంతో ఇద్దరి గిన్నెలూ దిగి దిగి, చివరికి ఇద్దరూ బల్ల కింద చతికిలబడి తాకించుకున్నారు. ఆ ఫొటో నా దగ్గర ఉంది. ఆ సంవత్సరపు ఉత్తమ సిబ్బంది బహుమతి ఇద్దరికీ పంచారు.

పెద్దవాళ్లు తాగలేకపోతే వారి బదులు కింది ఉద్యోగి తాగవచ్చు. అది తప్పు కాదు, విధేయత. డైరెక్టర్ పాంగ్ గారు చాలాకాలంగా చుక్క ముట్టరు. ఆయన బదులు తాగే బాధ్యత మోకు అప్పగించారు. కాలేయ నిపుణుడు కాబట్టి కాలేయానికి సంబంధించిన పనులన్నీ అతనివేనని డైరెక్టర్ గారి వాదన. పైగా మో ఎంత తాగినా ముఖం ఎర్రబడదు. అలాంటి ముఖం ఆసుపత్రికి ఆస్తి. మోకు పుట్టుకతోనే తల్లి నుంచి కామెర్ల వైరస్ వచ్చింది. మా ప్రాంతంలో చాలామందికి ఉన్నదే. పగలు వార్డులో రోగులకు తాగవద్దని చెప్పి, సాయంత్రం విందులో డైరెక్టర్ గారి గిన్నె, తన గిన్నె రెండూ బోర్లించేవాడు. అంత క్రమశిక్షణ గల ఉద్యోగి దొరకడం కష్టం.

మో భార్య వెయ్ సూజెన్ మాధ్యమిక పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలు. మెడలో ఎప్పుడూ ఈల ఉంటుంది, గొంతుకు ఆ ఈల అవసరమే లేదు. మే నెలలో ఆమె మొగుడిని బలవంతంగా రాష్ట్ర రాజధానికి లాక్కెళ్లి పరీక్ష చేయించింది. మార్కర్ నూట ఎనభై ఉంది. స్కానింగులో కాలేయం కుడి భాగంలో చిన్న గడ్డ కనిపించింది. చిన్నదే, వెంటనే కోసి తీసేస్తే మనిషి నిలుస్తాడు, ఆలస్యం చేస్తే ఏమీ చెప్పలేం అన్నాడు అక్కడి సర్జన్. మంచం కూడా ఇచ్చాడు. సోమవారం చేరాలి.

మో సెలవు చీటీ పట్టుకొని డైరెక్టర్ గారి దగ్గరికి వెళ్లాడు. ఆయన దాన్ని తిరగేసి, మరగేసి చూశారు.

“నూట ఎనభయ్యా? ఒరేయ్ మో, నాలుగు వందలకి ఇంకా ఎంత దూరముందిరా! నీ పత్రమే, నీ గ్రాఫే. నువ్వే నమ్మకపోతే జనం ఎలా నమ్ముతారు? ఆసుపత్రి డాక్టరే పక్క ఊరెళ్లి కోయించుకున్నాడని తెలిస్తే తనిఖీవాళ్లు ఏమంటారు?”

“సార్, గడ్డ కనిపించింది.”

“వచ్చే శనివారం తనిఖీ బృందం చీఫ్ ఔయాంగ్ గారు వస్తున్నారు. తాగడంలో ఆయన్ని ఆపేవాడు లేడు. నువ్వు లేకపోతే నా బదులు ఎవడు తాగుతాడు? తనిఖీ అయ్యాక చూద్దాం. ఒక నెల ఓపిక పట్టు.”

మో బయటికి వచ్చాడు. వసారాలో నేను ఎదురుపడితే, “లియావ్ అన్నా, నేను ఆరోగ్యంగా ఉన్నానట,” అని నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక ఆ రోజు బ్యానర్ కట్టేవాడి మీద అరిచాను. సెలవు లేకుండా వెళ్లిపొమ్మని సూజెన్ పోరు పెట్టింది. వెళ్తే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే ఆపరేషన్‌కు వచ్చే బీమా పోతుంది. అందుకే మో నీళ్లు నమిలాడు. ఆ సోమవారం దాటిపోయింది, మంచం ఇంకొక్క వారమే ఉంచుతానన్నాడు సర్జన్.

శనివారం వచ్చింది. చీఫ్ ఔయాంగ్ గారు పరివారంతో దిగి, కణాల పెట్టె అద్దంలో తమ ముఖం చూసుకొని, “అద్భుతం!” అన్నారు. విందులో గుమ్మానికి ఎదురుగా ఉన్న పెద్ద కుర్చీలో కూర్చున్నారు. డైరెక్టర్ గారు లేచి ప్రసంగించారు.

“మహాశయులారా! మా జిల్లాలో కాలేయ క్యాన్సర్ తలవంచింది! మా కణాలే తలవంచాక మనుషులెంత? ఈ విజయం ఏ ఒక్కరిదీ కాదు, పై అధికారుల మార్గదర్శకత్వానిది. మా డాక్టర్ మో కాలేయం ఇనుముతో చేసింది. దానికి సాక్ష్యం మీరే ఇప్పుడు చూస్తారు!”

చప్పట్లు మోగాయి. చీఫ్ గారు గిన్నె ఎత్తారు. మో తన గిన్నె ఎత్తాడు. అప్పుడే తలుపు దగ్గర ఈల మోగింది.

వందమంది పిల్లలను ఒక్క ఊదుతో వరసలో నిలబెట్టే ఈల అది. బల్ల చుట్టూ ఉన్న పెద్దలందరూ తెలియకుండానే నిటారుగా కూర్చున్నారు. సూజెన్ లోపలికి వచ్చి, మొగుడి చేతిలో గిన్నె తీసుకొని బల్ల మీద పెట్టింది. మరో గిన్నెలో సారా నింపుకొని డైరెక్టర్ గారి ముందుకు వెళ్లి నిలబడింది.

“డైరెక్టర్‌గారూ, మా ఆయన్ని ఇంత పెద్దవాణ్ని చేశారు. మీకో గిన్నె ఇవ్వకపోతే మా ఇంటికి మర్యాద కాదు. గాన్‌బెయ్!” అని ఒక్క గుక్కలో తాగి బోర్లించింది. ఒక్క చుక్క రాలలేదు.

మర్యాద ప్రకారం డైరెక్టర్ గారు తాగి తీరాలి. ఆయన చేత్తో మోకు సైగ చేశారు.

“అబ్బే, ఆయన తాగితే ఎలాగండీ!” అంది సూజెన్. “నా మొగుడికి నేను పోసుకున్నట్టవుతుంది గానీ మీకు పోసినట్టా? చీఫ్‌గారూ, మీరే చెప్పండి. మొగుడూ పెళ్లాం గిన్నె తాకించుకుంటే అది మీకు గౌరవమెలా అవుతుంది?”

చీఫ్ గారు ఆలోచించి, న్యాయమే అన్నారు. డైరెక్టర్ గారు అటూ ఇటూ చూశారు. పళ్ల డాక్టరుకు పంటి నొప్పి వచ్చింది. కాన్పుల అధిపతికి ఫోన్ వచ్చింది. నేను కెమెరా వెనక్కి వెళ్లిపోయాను. డైరెక్టర్ గారి గిన్నె ఆయన ఎదురుగా నిండుగా ఉండిపోయింది.

“అమ్మా సూజెన్, నా వల్ల కాదమ్మా,” అన్నారు ఆయన గొంతు తగ్గించి. “కిందటి నెల రాజధానిలో చూపించుకున్నాను. నాది అరవై ఉందట. అక్కడి డాక్టరు చుక్క ముట్టినా చచ్చిపోతావన్నాడు.”

“అరవయ్యా!” సూజెన్ గొంతు అతిథి గృహం వంటగది దాకా వినిపించింది. “నాలుగు వందలు దాటాలి కదండీ! మీరు ఉక్కుపిండం. మా ఆయనకి నూట ఎనభై ఉండి తాగుతున్నాడు, అరవై ఉన్న మీకేం వచ్చింది? పట్టండి, పట్టండి!”

డైరెక్టర్ గారు గిన్నెను రెండు వేళ్లతో దూరంగా జరిపారు. బల్ల అవతలి నుంచి చీఫ్ ఔయాంగ్ గారు చాలా మెల్లగా అడిగారు.

“ఏమయ్యా పాంగ్, అరవై అంటే... ప్రమాదమా? నిజం చెప్పు. నాది డెబ్బై ఉంది.”

చీఫ్ గారు తమ గిన్నె కింద పెట్టారు. పక్కన ఉన్న ఇద్దరు అధికారులు తమ గిన్నెలు కింద పెట్టారు. చర్మవ్యాధుల అధిపతి, ఎముకల అధిపతి ఒకరికంటే ఒకరు ముందుగా గిన్నెలు కింద పెట్టారు. జిల్లాలో హద్దు నాలుగు వందలని చేతులెత్తి తీర్మానించిన కమిటీ మొత్తం ఆ బల్ల చుట్టూనే ఉంది. అందులో ప్రతివాడూ తన రక్తం మాత్రం ఎప్పుడో రాజధానికి వెళ్లి పాత హద్దుతో చూపించుకున్నాడని వాళ్ల ముఖాలు చూస్తే తెలిసిపోయింది. లూ జిన్‌బావ్ ఇంటికి మాత్రం ఆ సంగతి చెప్పినవాడు లేడు.

సూజెన్ జేబులోంచి సెలవు చీటీ తీసి నిండు గిన్నె పక్కన పెట్టింది. “ఏదో ఒకటి కానివ్వండి డైరెక్టర్‌గారూ. గిన్నో, సంతకమో.”

ఆయన సంతకం పెట్టారు. అంత వేగంగా ఆయన సంతకం చేయడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఆదివారం పొద్దున్నే ఆ దంపతులు రైలెక్కారు. సోమవారం చేరారు, బుధవారం ఆపరేషన్ అయింది. గడ్డ తీసేశారు. మో బతికాడు. ఇప్పుడు రాజధానిలోనే ఉంటున్నాడు. రోజూ పార్కులో నడుస్తుంటే వెనక సూజెన్ ఈల వేస్తూ ఉంటుందట. అది విన్న రోజు నేను ఇంట్లో ఒక్కణ్ణే కూర్చొని చాలాసేపు ఏడ్చాను.

ఆసుపత్రికి పై శ్రేణి వచ్చింది. విందులో సిబ్బంది చూపిన సంయమనం ప్రశంసనీయమని చీఫ్ గారు నివేదికలో ప్రత్యేకంగా రాశారు. హద్దు ఇప్పటికీ నాలుగు వందలే. పెద్దలకు మాత్రం గౌరవార్థం పాత హద్దుతో పరీక్ష చేసేందుకు వేరే గది ఏర్పాటైంది. గదికి ఏసీ కూడా ఉంది.

ఇక విందులు ఆగవు కాబట్టి, డైరెక్టర్ గారి పక్కన ఖాళీ అయిన కుర్చీని నింపవలసి వచ్చింది. ప్రకటన నేనే రాశాను. అర్హతలు: కాలేయ కణాలలో కనీసం ఒక జన్యువును ఆపి ఉండాలి, తాగితే ముఖం ఎర్రబడకూడదు. గుట్టలుగా దరఖాస్తులు వచ్చాయి. అందరూ చదువుకున్నవాళ్లు, పెళ్లాం బిడ్డలు ఉన్నవాళ్లు. వచ్చిన ప్రతివాణ్ణీ కూర్చోబెట్టి మో కథ దాచకుండా చెప్పాను. గడ్డ ఎంత ఉందో, పొట్ట మీద కోత ఎంత పొడుగో చేతులతో చూపించాను. శ్రద్ధగా విన్నారు. విని, పదోన్నతి ఎన్నాళ్లకు వస్తుందని అడిగారు. ఒక్కడు మాత్రం మో గురించి అడిగాడు. నాకు ప్రాణం లేచివచ్చింది.

“ఆయన మళ్లీ వచ్చి ఈ కుర్చీ అడగడు కదండీ?” అన్నాడు.

అతన్నే ఎంపిక చేశాం. మిగిలినవాళ్లు నిరాశపడలేదు, వెయిటింగ్ లిస్టులో పేరు వేయించుకున్నారు. ఇప్పుడు వాళ్లంతా రోజూ పొద్దున్నే నా గదికి వచ్చి, కొత్తవాడి ఒంట్లో ఎలా ఉందని ఎంతో ఆప్యాయంగా అడిగి వెళ్తున్నారు. మా ఆసుపత్రిలో ఒక మనిషి ఆరోగ్యం గురించి ఇంతమంది ఇంత శ్రద్ధ తీసుకోవడం నా సర్వీసులో ఇదే మొదటిసారి.